ఈతకొలను పనిముట్లు: మన్నిక, మరమ్మతు

పారుచున్న నీరు తన మురికిని తానే కొట్టుకొనిపోవును. నిలిచియున్న నీటికి ఆ సౌకర్యము లేదు. ఈతకొలనులోనిది నిలువ నీరు. అందులో గాలికి దుమ్ము పడును, ఆకులు రాలును. ఈదువారి శరీరముల నుండి చెమట, నూనె, వెండ్రుకలు చేరును. ఎండ తగిలిన నీటిలో నాచు పుట్టును. ఈ మాలిన్యములో కొంత భాగమును వడపోత యంత్రము పట్టుకొనును. సూక్ష్మజీవులను క్లోరిన్ చంపును. కాని గోడలకు, మెట్లకు అంటుకొనిన పాచిని ఈ రెండును వదలింపజాలవు. ఆ జిగురు పొర అడుగున దాగిన సూక్ష్మజీవులకు క్లోరిన్ సరిగా అందదు. పొరను ముందుగా రుద్ది విడగొట్టవలెను. అప్పుడే క్లోరిన్ తన పని తాను చేయగలుగును.

ఈ పని నిలిచిపోయినచో కలుగు నష్టము కంటికి అసహ్యము కలుగుటతో ఆగిపోదు. మెట్లపై పాచి పట్టినచో కాలు జారును. నీరు మసకబారినచో అడుగునకు మునిగినవాడు గట్టుపై నున్న కాపరికి కనబడడు. కొలను లోతైన చోట కూడ అడుగు స్పష్టముగా కనబడవలెనని నిర్వాహకులు పట్టుపట్టుటకు కారణ మిదియే. కావున కొలనును శుభ్రపరచు పనిముట్టు విరిగినప్పుడు దానిని ఎంత త్వరగా తిరిగి పనిలో పెట్టగలమను ప్రశ్న ప్రాణరక్షణకు సంబంధించినది కూడ.

నాలుగు పనిముట్లు

ఈ పనికి వాడు చేతి పనిముట్లు ముఖ్యముగా నాలుగు. మొదటిది గెడ. ఇది ఒకదానిలో నొకటి జరుగు రెండు అల్యూమినియం గొట్టములతో చేయబడి, అవసరమును బట్టి పొడవు పెంచుటకు, తగ్గించుటకు వీలుగా నుండును. గెడ చివర తక్కిన మూడింటిలో ఏదో ఒకటి తగిలింతురు. నీటిపై తేలు ఆకులను ఎత్తుటకు చట్రమునకు బిగించిన వల కలదు. గోడల పాచిని రుద్దుటకు వెడల్పైన బ్రష్షు కలదు. అడుగున పేరుకొనిన మట్టిని లాగుటకు వాక్యూం హెడ్ అను భాగము కలదు. ఇది చిన్న చక్రములపై దొర్లు చదునైన పళ్లెము. దాని వీపునకు తగిలించిన పొడవైన గొట్టము కొలను పంపు నీటిని పీల్చుకొను ద్వారమునకు కలియును. ఈ గొట్టమును ముందుగా నీటితో నింపి, లోపలి గాలిని వెడలగొట్టిన పిమ్మటనే పంపునకు తగిలించవలెను. ఎక్కడనైన చిన్న పగులు ఏర్పడి గాలి చొచ్చినచో పంపు నీటిని లాగుట మానివేయును.

చూచుటకు ఇవి చీపురు, చేట వంటి సామాన్య వస్తువులే. కాని చీపురునకు లేని కష్టములు వీటికి కలవు. ఇవి దినమున కొంతసేపు క్లోరిన్ నీటిలో నానును, తక్కిన కాలము ఎండలో ఎండును. పారవేసిన పనిముట్లను పరీక్షించి చూచినచో ఒక సంగతి తెలియును. వాటిలో చాల భాగము చెడియుండదు. నాలుగు మీటర్ల గెడలో చెడినది గొట్టములను బిగించు చిన్న ప్లాస్టిక్ ముక్క కావచ్చును. బ్రష్షులో అరిగినవి పోగులు మాత్రమే కావచ్చును. గొట్టములో పగిలినది చివరి జానెడు మాత్రమే కావచ్చును. అయినను ఆ ఒక్క భాగమును విడదీసి మార్చుటకు వీలులేకుండ తయారుచేసినందున వస్తువంతయు చెత్తకుప్పకు చేరును. ఏ భాగము ఎందువలన చెడునో ముందుగా తెలిసికొనినచో ఆ దుస్థితిని తప్పించు మార్గము కూడ తెలియును.

నీరు చేయు పని

కొలనులో బ్లీచింగు పొడి వేసినను, క్లోరిన్ బిళ్లలు వేసినను, నీటిలో తుదకు పనిచేయునది హైపోక్లోరస్ ఆమ్లము. సాధారణముగా కొలను నీటి పి.హెచ్. విలువను 7.2, 7.8 ల మధ్య నుంతురు. పి.హెచ్. 7.5 వద్ద సుమారు సగము హైపోక్లోరస్ ఆమ్లముగాను, మిగిలిన సగము హైపోక్లోరైట్ అయానుగాను ఉండును. సూక్ష్మజీవులను చంపుటలో మొదటిది రెండవదానికంటె చాల చురుకైనది. ఇది బలమైన ఆక్సీకరణ కారకము. దానికి సూక్ష్మజీవి గోడ యనియు, రబ్బరు వాషరు యనియు భేదము లేదు. తనకు అందిన ప్రతి పదార్థమును ఆక్సీకరింప జూచును.

నీటిలో క్లోరిన్ మోతాదు లీటరునకు 1 నుండి 3 మిల్లీగ్రాములు మాత్రమే యుండును. ఇంత స్వల్ప మోతాదు ఒక గంటలో పనిముట్టునకు చేయు హాని లెక్కింపదగినది కాదు. కాని పనిముట్టును నీటి నుండి తీసి గోడకు ఆనించినప్పుడు, దాని కీళ్లలోను, మరమేకుల చుట్టును నిలిచిన నీరు నెమ్మదిగా ఆవిరియగును. నీరు పోవును, అందులోని క్లోరైడు లవణములు మిగులును. ప్రతిదినము ఇట్లే జరుగుటచే ఆ సందులలో లవణము చిక్కనగును. కావున పని ముగిసిన వెంటనే పనిముట్లను మంచినీటితో కడిగి నీడన ఉంచవలెనను సలహా వెనుక రసాయనశాస్త్ర మున్నది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుపట్టదను నమ్మిక అందరికిని కలదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హేరీ బ్రియర్లీ సుమారు 13 శాతము క్రోమియం గల ఉక్కును తయారుచేసెను. క్రోమియం గాలిలోని ఆక్సిజనుతో కలిసి ఉక్కుపై కంటికి కనబడని పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచును. గీత పడినను ఆ పొర తిరిగి పుట్టును. కాని క్లోరైడు అయానులు ఈ పొరను అక్కడక్కడ ఛేదింపగలవు. అప్పుడు సూదిమొనవంటి గుంటలు పడి, లోపల లోపల లోతగును. 2 నుండి 3 శాతము మాలిబ్డినం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు ఈ గుంటలను మరింత బాగుగా ఎదిరించును. కొలను పనిముట్ల మరమేకులకు, స్ప్రింగులకు ఈ రకమే తగినది.

లోహము లాగబడుచున్న స్థితిలో క్లోరైడు సోకినచో అపాయము ఇంకను ఎక్కువ. స్విట్జర్లండులోని ఊస్టర్ పట్టణమున ఒక ఈతకొలను భవనపు కాంక్రీటు లోకప్పును స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో వ్రేలాడదీసిరి. 1985 మే 9న ఆ లోకప్పు కూలి 12 మంది మరణించిరి. క్లోరైడు చేరిన గాలిలో, బరువు మోయుచున్న కడ్డీలు లోలోపల పగుళ్లు వారుటయే దానికి కారణము. పైకి కడ్డీలలో అపాయ సూచన స్పష్టముగా కనబడలేదు. పనిముట్టునకు గాని భవనమునకు గాని ఈ ఉదాహరణ నేర్పునది ఒకటే: చెడిపోవు భాగము చూపునకు అందునట్లు, తీసి పరీక్షించుటకు వీలగునట్లు ఉండవలెను.

రెండు లోహములు కలిసిన చోట

అల్యూమినియమునకు కూడ సహజమైన ఆక్సైడు పొర కలదు. విద్యుత్ప్రవాహ సహాయమున ఆ పొరను దళసరిగా చేయు పద్ధతిని ఆనోడీకరణము అందురు. గెడలకు ఇది చాల మేలుచేయును. అయితే అల్యూమినియం గెడకు ఉక్కు మరమేకు బిగించినప్పుడు క్రొత్త చిక్కు పుట్టును. రెండు వేరువేరు లోహములు, వాటి నడుమ లవణము గల నీరు ఉన్నచో అది చిన్న విద్యుద్ఘట మగును. ఆ ఘటములో అల్యూమినియం ఆనోడై కరుగును, ఉక్కు కాథోడై నిలుచును. ఉప్పునుండి క్లోరిన్ ఉత్పత్తిచేసికొను కొలనులలో లీటరునకు 3 నుండి 4 గ్రాముల ఉప్పు ఉండును. సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాములుండును. దానిలో పదవ వంతైనను ఈ ఘటము పనిచేయుటకు చాలును.

ఈ విషయమును నౌకల విషయమున 1824లోనే హంఫ్రీ డేవీ ఉపయోగములోనికి తెచ్చెను. బ్రిటిషు యుద్ధనౌకల అడుగున కొట్టిన రాగి రేకులు సముద్రజలములో తినివేయబడుచుండగా, ఆయన వాటికి ఇనుప ముక్కలను, జింకు ముక్కలను తగిలించెను. ఆ ముక్కలు తాము కరిగి రాగిని కాపాడెను. కాని రాగి కరుగుట మానినందున దాని విషమునకు వెరచి దూరముగా నుండిన సముద్రపు నాచు, గుల్లలు రేకులపై పెరుగసాగెను. ఒక భాగమును బలిగా ఇచ్చి మరియొక భాగమును కాపాడవచ్చునని ఈ ప్రయోగము తెలిపెను. దానితోపాటు, ఒక కీడును తొలగించునప్పుడు మరియొకటి వచ్చునేమో చూచుకొనవలెననియు తెలిపెను.

గెడల విషయమున ఈ క్షయము తెల్లని పొడిగా బయటపడును. ఆ పొడి రెండు గొట్టముల నడుమ పేరుకొనినచో అవి బిగుసుకొనిపోయి జరుగవు. మరమేకు చుట్టు పేరుకొనినచో దానిని విప్పుట అసాధ్యమగును. నివారణ కష్టము కాదు. ఉక్కునకు, అల్యూమినియమునకు నడుమ ప్లాస్టిక్ వాషరు గాని, పలుచని ప్లాస్టిక్ తొడుగు గాని ఉంచినచో రెండు లోహములు తాకవు, ఘటము పూర్తికాదు. లోహముల వైశాల్యము కూడ ముఖ్యమే. పెద్ద అల్యూమినియం గొట్టములో చిన్న ఉక్కు మరమేకు ఉన్నచో క్షయము విశాలముగా పంచబడి నెమ్మదిగా సాగును. పెద్ద ఉక్కు పళ్లెమునకు చిన్న అల్యూమినియం రివెట్టు కొట్టినచో క్షయమంతయు ఆ రివెట్టుపైననే పడి అది త్వరగా నశించును.

ఎండ చేయు పని

బ్రష్షు పోగుల చరిత్రకు, కృత్రిమ పదార్థముల చరిత్రకు దగ్గర సంబంధము కలదు. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ పర్యవేక్షణమున నైలాన్ తయారయ్యెను. అది మొదట అమ్మకమునకు వచ్చినది బట్టల రూపమున కాదు. 1938లో పండ్లు తోముకొను బ్రష్షు పోగుల రూపమున. నైలాన్ పోగు వంగి తిరిగి నిలుచును. కాని నీటిని కొంత పీల్చుకొని మెత్తబడును, క్లోరిన్‌కు క్రమముగా లొంగును. 1954లో ఇటలీలో జూలియో నట్టా క్రమబద్ధమైన నిర్మాణము గల పాలిప్రొపిలీనును తయారుచేసెను. ఆయన 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందెను. పాలిప్రొపిలీను నీటిని పీల్చదు, కొలను నీటిలోని క్లోరిన్‌ను నైలాన్ కంటె బాగుగా ఓర్చును. కాని దానికి ఎండ పడదు.

ప్లాస్టిక్ అనగా వేలకొలది చిన్న అణువులు గొలుసువలె కూడిన పదార్థము. ఎండలోని అతినీలలోహిత కిరణములు ఈ గొలుసులలోని బంధములను త్రెంచుటకు చాలినంత శక్తి గలవి. తెగిన చోట ఆక్సిజన్ చేరును, మరికొన్ని బంధములు తెగును. గొలుసులు పొట్టివైన కొలది వస్తువు వంగుట మాని పెళుసగును. ఎండలో ఏండ్ల తరబడి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీ ఒకనాడు హఠాత్తుగా విరుగుట అందరును చూచినదే. ఈ హానిని తగ్గించుటకు ప్లాస్టిక్‌లో మసివంటి కార్బన్ పొడిని 2 శాతము లేక కొంచె మెక్కువగా కలుపుదురు. అది కిరణములను తానే మ్రింగి లోపలికి పోనీయదు. ఎండలో పరచు నీటి గొట్టములు నల్లగా నుండుటకు కారణ మిదియే. కొలను పనిముట్లు నీలముగా, తెల్లగా నుండుట చూపునకు అందము. గెడను బిగించు ముక్కవంటి బలము పడు భాగములు మాత్రము నల్లవిగా నుండుట మేలు.

బిగింపు వలయములకు సహజ రబ్బరు తగదు. క్లోరిన్, ఓజోన్, ఎండ మూడును దానికి శత్రువులే. ఇ.పి.డి.ఎం. అను కృత్రిమ రబ్బరు వీటిని చాలకాలము ఓర్చును.

గెడ ఎక్కడ విరుగును?

గెడను గొట్టముగా చేయుటలో ఒక లెక్క కలదు. వెలుపలి వ్యాసము 30 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసము 27 మిల్లీమీటర్లు గల గొట్టము నొకదానిని తీసికొనుము. అంతే లోహముతో బోలు లేని కడ్డీని చేసినచో దాని వ్యాసము సుమారు 13 మిల్లీమీటర్లగును. వంగకుండ నిలుచుటలో గొట్టము ఆ కడ్డీకంటె సుమారు తొమ్మిదిన్నర రెట్లు గట్టిది. లోహము ఇరుసునుండి ఎంత దూరముగా నున్నచో వంపును అంత బాగుగా ఎదిరించుటయే దీనికి కారణము. వెదురు బోలుగా నుండియు గట్టిగా నుండుట ఈ నియమము వలననే.

పొడవు విషయమున నియమము కఠినమైనది. ఒకే బరువునకు గెడ చివర వంగు దూరము పొడవు ఘనమును బట్టి మారును. అనగా గెడ పొడవు రెట్టింపైనచో వంపు ఎనిమిది రెట్లగును. ఇక కీలు సంగతి చూడుము. వలలో 2 కిలోగ్రాముల తడి ఆకులు ఎత్తినారనుకొనుము. రెండు గొట్టములు కలియు చోటు వలకు 2 మీటర్ల దూరమున నున్నది. అక్కడ బలభ్రామకము 4 కిలోగ్రాము-మీటర్లు. లోపలి గొట్టము వెలుపలి దానిలో 20 సెంటీమీటర్లు మాత్రమే మిగిలియున్నచో, ఆ 20 సెంటీమీటర్ల రెండు కొనల వద్దను ఒక్కొక్కచోట సుమారు 20 కిలోగ్రాముల బలము గొట్టపు గోడను నొక్కును. 40 సెంటీమీటర్లు మిగిలియున్నచో ఆ బలము సగమగును. కావున మంచి గెడలో లోపలి గొట్టము ఒక హద్దును దాటి బయటికి రాకుండ అడ్డు ఉండవలెను. ఈ అడ్డు లేని గెడను పనివాడు ఇంకొక జానెడు పొడవునకై చివరి వరకు లాగును. అది కీలువద్ద నొక్కుకొనిపోవును.

పనిముట్టును గెడకు తగిలించుటకు గొట్టములో రంధ్రములు వేసి, వాటిలో స్ప్రింగు బొత్తములు ఇముడునట్లు చేయుదురు. 1898లో కిర్ష్ అను జర్మను ఇంజనీరు, లాగబడుచున్న వెడల్పైన రేకులో చిన్న గుండ్రని రంధ్రమున్నచో దాని అంచున ప్రతిబలము తక్కిన చోటుకంటె మూడు రెట్లుండునని లెక్కగట్టెను. 1913లో ఇంగ్లిస్ రంధ్రము కోలగా నున్నచో ఏమగునో చూపెను. లాగు దిశకు అడ్డముగా, వెడల్పునకు అయిదు రెట్లు పొడవుగా నున్న కోల రంధ్రపు కొనలవద్ద ప్రతిబలము పదకొండు రెట్లగును. అందుచే రంధ్రములు గుండ్రముగా, అంచులు నునుపుగా నుండవలెను. వాటిని ఎక్కువ వంపు పడు కీలు దగ్గర వేయరాదు. ప్లాస్టిక్ ముక్కలలో మూలలు కత్తిరించినట్లు కాక గుండ్రముగా తిరిగియుండవలెను.

ఒక హెచ్చరిక కూడ ఇక్కడ చెప్పదగినది. అల్యూమినియం గెడ మంచి విద్యుద్వాహకము. పూర్తిగా సాచిన గెడను నిలువుగా ఎత్తి నడచువాడు పైనున్న విద్యుత్తు తీగలను తాకినచో ప్రాణము పోవును. కొలనుపై గాని ప్రక్కన గాని తీగలున్న చోట గెడను అడ్డముగా, కుదించి మాత్రమే మోయవలెను.

కర్రు అరుగును, నాగలి నిలుచును

ఇంతవరకు చెప్పినది మన్నికను గూర్చి. మన్నిక వేరు, మరమ్మతునకు వీలుండుట వేరు. జిగురుతో అతికి, మూత తెరువరాకుండ చేసిన వస్తువు కొన్ని ఏండ్లు మన్నవచ్చును. కాని చెడిన దినమున అది పూర్తిగా చెడును. ఎంత మంచి పదార్థముతో చేసినను రుద్దు పోగు అరుగక మానదు, దొర్లు చక్రము అరుగక మానదు. అరుగుదలను పూర్తిగా ఆపలేనప్పుడు దానిని ఎక్కడికి పంపవలెనో నిర్ణయించుట రూపకర్త చేయగల పని.

తెలుగునాట వ్యవసాయ పనిముట్లు చేసినవారికి ఈ సూత్రము తెలియును. నేలను చీల్చునది నాగలి కర్ర కాదు, దానికి బిగించిన ఇనుప కర్రు. కర్రు అరిగినప్పుడు రైతు దానిని ఊడదీసి కమ్మరి కొలిమికి తీసికొనిపోవును. కమ్మరి దానిని కాల్చి సాగగొట్టి ఇచ్చును. నాగలి ఇంటనే యుండును. రోకలికి పొన్ను వేయుటయు ఇట్టిదే. దెబ్బ తినునది పొన్ను, నిలుచునది రోకలి. ఈ రెంటిలోను అరుగు భాగము ఏదో ముందే తెలియును, అది చిన్నది, అది ఊడివచ్చును, దానిని బాగుచేయువాడు ఊరిలోనే కలడు. ఈ నాలుగు లక్షణములలో ఏ ఒక్కటి లోపించినను మరమ్మతు జరుగదు.

కొలను పనిముట్లకు ఈ సూత్రమును అన్వయించుట సులభము. బ్రష్షు వీపు అల్యూమినియంతో చేసి, పోగులను వేరొక పట్టీలో నాటి, ఆ పట్టీ వీపులోని గాడిలోనికి ప్రక్కనుండి దూరునట్లు చేయవచ్చును. పోగులు అరిగినప్పుడు పట్టీ మాత్రమే మారును. వలను చట్రమునకు కరగించి అతికించుటకు బదులు, చట్రపు గాడిలో త్రాడుతో నొక్కి బిగించినచో, చిరిగిన వలను తీసి క్రొత్తది వేయవచ్చును. చిన్న చిరుగులను సముద్రతీరమున జాలరులు చేయునట్లు నూలుకండెతో అల్లి పూడ్చవచ్చును. వాక్యూం హెడ్ చక్రములను మరమేకుతో బిగించిన ఇరుసుపై నిలిపినచో చక్రము నొకదానిని మాత్రమే మార్చవచ్చును. పీల్చుడు గొట్టము తరచుగా పగులునది చివరి కప్పు దగ్గర. కప్పును జిగురుతో అతికించక మరచుట్లతో తిప్పి ఎక్కించునట్లు చేసినచో, పగిలిన భాగమును కోసివేసి, కప్పును మిగిలిన గొట్టమునకు తిరిగి ఎక్కించవచ్చును. గొట్టము జానెడు పొట్టియగును, అంతే.

ఈ భాగములు ఏ అంగడిలో కొన్నను ఇముడవలెను. మరచుట్ల విషయమున ఈ మేలును లోకమునకు చూపినవాడు జోసెఫ్ విట్‌వర్త్. ఆయనకు ముందు ఇంగ్లండులో ఒక్కొక్క కర్మాగారము తన యిష్టము వచ్చినట్లు మరచుట్లు కోయుచుండెను. ఒకచోట చేసిన నట్టు వేరొకచోట చేసిన బోల్టునకు పట్టెడిది కాదు. 1841లో ఆయన 55 డిగ్రీల కోణముతో ఒక పద్ధతిని ప్రతిపాదించెను. క్రమముగా కర్మాగారములు దానిని స్వీకరించెను. నేడు కొలను గెడ వ్యాసము, రంధ్రముల దూరము చాలమంది తయారీదారులు ఒకే విధముగా పాటించుటచే ఒకరి బ్రష్షు మరియొకరి గెడకు తగులుచున్నది. ఈ సౌలభ్యము పోగుల పట్టీలకు, చక్రములకు, బిగింపు ముక్కలకు కూడ కలుగవలసియున్నది.

మరమ్మతు సులభము చేయుటకు రూపమునే మార్చిన గొప్ప ఉదాహరణ పల్లెలలో బోరింగు అని పిలువబడు చేతిపంపు. 1970ల దశాబ్దమున రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు ఊరంతయు దినమెల్ల కొట్టినను తట్టుకొనుటకు ఉద్దేశింపబడినది. అంతకుముందు వాడిన పోత ఇనుప పంపులకంటె అది ఎంతో గట్టిది. కాని లోపలి ముషలకపు వాషరు అరిగినప్పుడు దానిని మార్చుటకు బావిలోని గొట్టములన్నిటిని పైకి లాగవలసివచ్చెడిది. ప్రత్యేక సామగ్రి, పలువురు మనుష్యులు, మండలమునుండి మెకానిక్కు రావలసియుండెను. తరువాత వచ్చిన ఇండియా మార్క్ 3లో పై గొట్టమును సిలిండరుకంటె వెడల్పు చేసిరి. ముషలకము ఆ గొట్టము గుండనే పైకి వచ్చును. గొట్టములను కదల్పనక్కరలేదు. వాషరు అరుగుట ఆగలేదు. దానిని మార్చు పని ఊరివారికి అందుబాటులోనికి వచ్చెను.

మూయవలసినవి, తెరువవలసినవి

ప్రతి భాగమును విప్పదగినట్లు చేయుటయే మేలని తలచరాదు. ప్రతి కీలును నీరు చొచ్చుటకు ఒక ద్వారము, ప్రతి మరమేకును వదులగుటకు ఒక చోటు. నీటి అడుగున తనంత తాను తిరిగి శుభ్రపరచు విద్యుద్యంత్రములలో ఈ సంగతి స్పష్టముగా కనబడును. అందలి మోటారులోనికి నీరు పోరాదు. ఇంటివద్ద తెరచి మూసినచో బిగింపు వలయము సరిగా కూర్చొనక మోటారు పాడగును. కావున మోటారును ఒకే పెట్టెగా మూసివేసి, ఆ పెట్టెను మొత్తముగా మార్చుటకు వీలు కల్పించుట యుక్తము. పట్టాలు, చక్రములు, బ్రష్షులు, వడపోత సంచి మాత్రము పెట్టెకు వెలుపల, సామాన్యమైన స్క్రూడ్రైవరుతోను, పానాతోను ఊడునట్లు ఉండవలెను. తరచుగా అరుగునది బయట, అరుదుగా చెడునది లోపల. ఈ విభజన సరిగా చేయుటలోనే రూపకర్త నేర్పు తెలియును.

ఇటీవల ప్రభుత్వములు కూడ ఈ విషయమును పట్టించుకొనసాగెను. ఫ్రాన్సు దేశము 2021 జనవరి 1 నుండి కొన్ని రకముల విద్యుత్పరికరములపై, మరమ్మతు ఎంత సులభమో 10 మార్కులకు ముద్రించవలెనని నియమించెను. మరమ్మతు వివరముల పత్రము, విడదీయుటలోని సౌలభ్యము, విడిభాగముల లభ్యత, వాటి ధర మొదలగువానిని బట్టి ఆ మార్కులు వేసిరి. భారత ప్రభుత్వము 2022 జులైలో మరమ్మతు హక్కునకు ఒక విధానమును రూపొందించుటకై సంఘమును నియమించెను. వ్యవసాయ పరికరములు, మొబైల్ ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు దాని పరిశీలనకు వచ్చెను.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

పై విషయములలో మూడింటిని ఏ ఉన్నత పాఠశాలలోనైనను చూపవచ్చును. మొదటిది: మూడు గాజు గ్లాసులలో సమానముగా ఉప్పునీరు పోసి, ఒకదానిలో ఇనుప మేకును, రెండవదానిలో రాగితీగ చుట్టిన మేకును, మూడవదానిలో జింకు ముక్క కట్టిన మేకును వారము దినములు ఉంచవలెను. రాగి తోడైన మేకు ఎక్కువగాను, జింకు తోడైన మేకు తక్కువగాను తుప్పుపట్టును. రెండవది: రెండు రబ్బరు బ్యాండులను సమానముగా సాగదీసి రెండు చెక్కముక్కలకు తగిలించి, ఒకటి ఎండలోను, ఒకటి బీరువాలోను నెల దినములు ఉంచి పోల్చవలెను. మూడవది: సమానమైన మూడు కాగితపు పట్టీలలో ఒకదానిని అట్లే యుంచి, రెండవదాని నడుమ గుండ్రని రంధ్రము చేసి, మూడవదాని నడుమ ఆ రంధ్రమంత పొడవున అడ్డముగా బ్లేడుతో గాటు పెట్టి, క్రమముగా బరువులు వ్రేలాడదీయవలెను. రెండు, మూడు పట్టీలలో మిగిలిన కాగితపు వెడల్పు సమానమే. అయినను గాటు పెట్టినది ముందుగా చినుగుటకు కారణమును విద్యార్థులచే చెప్పించవలెను. ఈ పరీక్షలకు బ్లీచింగు పొడిని వాడరాదు. అది ఆమ్లముతో కలిసినచో విషవాయువైన క్లోరిన్ వెలువడును.

ఒక లెక్క

చివరగా ధర విషయము. ఒక బ్రష్షు వెల 600 రూపాయలనియు, ఏడాదికి పోగులు అరిగి పారవేయవలసివచ్చుననియు అనుకొనుము. మరియొక బ్రష్షు వెల 1500 రూపాయలు. దాని వీపు ఆరేండ్లు మన్నును, ఏటేట 150 రూపాయల పోగుల పట్టీ మార్చవలెను. ఆరేండ్లలో మొదటి రకమునకు 3600 రూపాయలు, రెండవదానికి అయిదు పట్టీలతో కలిపి 2250 రూపాయలు అగును. మొదటి రకములో ఆరు వీపులు చెత్తలో పడును, రెండవదానిలో ఒకటి.

ఈ లెక్క ఒక షరతుపై నిలిచియున్నది. పోగుల పట్టీ ఆరేండ్ల పాటు అంగడిలో దొరకవలెను. రెండవ ఏడు దొరకకపోయినచో 1500 రూపాయల బ్రష్షు 600 రూపాయల బ్రష్షువలెనే మొదటి ఏటి చివర పారవేయబడును, కొన్నవానికి 900 రూపాయలు అదనముగా నష్టమగును. కావున పనిముట్టును కొనువారు దానిని చేతబట్టి బరువు చూచుటతో తృప్తిపడక, అందులో ముందుగా అరుగునది ఏది, దానిని ఊడదీయు మార్గమేది, దాని జోడు ఎక్కడ దొరకునని అంగడివానిని అడుగవలెను. పాఠశాలకు కొను పంపునకు, బల్లకు, ప్రయోగశాల స్టాండునకు కూడ ఈ మూడు ప్రశ్నలే చాలును.